కన్ను చెప్పిన భుజం, భుజం చెప్పిన గడియ



ఈ పూట నా మాటలు ఎడమచేతివాటం ఉన్నవాళ్ల కోసం. వాళ్లలోనూ, ఈ నవంబరులో టెక్సస్ హిల్ కంట్రీలో జింకల వేటకు వెళ్దామని, అందుకు మొదటి రైఫిల్ కొందామని చూస్తున్నవాళ్ల కోసం. మీది కుడిచేతివాటమైనా రేడియో కట్టేయకండి. మీ చెయ్యి ఏదో మీకు తెలుసు. మీ కన్ను ఏదో తెలుసా? అసలు సంగతంతా ఆ కన్ను దగ్గరే ఉంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ముందే చెప్పేస్తాను, మధ్యలో మళ్లీ మళ్లీ చెబుతాను. మీ బలమైన కన్ను ఏ వైపు ఉందో, తుపాకీ ఆ వైపు భుజానికి ఆనాలి. తుపాకీ ఏ భుజానికి ఆనిందో, దాని గడియ ఆ వైపే ఉండాలి. కన్ను చెప్పిన భుజం. భుజం చెప్పిన గడియ. కంపెనీ పేరు, కాలిబర్ అనే తూటా కొలత, ధర, ఇవన్నీ ఆ తర్వాతే.

విషయంలోకి వెళ్లేముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా ఇక్కడి మాట, అమెరికా మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. సెలవులకు ఊరెళ్లినప్పుడు అక్కడ తుపాకీ ఎత్తే ఆలోచన కూడా రానివ్వకండి.

టెక్సస్ పరిస్థితి వేరు. ఇక్కడ తెల్లతోక జింకలు 50 లక్షలకు పైగా ఉన్నాయి. వాటిని తిని బతికిన తోడేళ్లు ఈ నేల మీద ఎప్పుడో అంతరించాయి. వేట సీజన్లతో, లైసెన్సులతో, ట్యాగులతో రాష్ట్రం ఆ మందల్ని అదుపులో పెడుతోంది. ఇంకో విశేషం వినండి. మన చుక్కల దుప్పిని 1932లోనే టెక్సస్‌కు తెచ్చారు. అది కంచెలు దాటింది. హిల్ కంట్రీ నదుల వెంట మందలు మందలుగా పెరిగింది. ఇక్కడి జింకల మేతకే పోటీకి వచ్చింది. ఇక్కడివాళ్లు దాన్ని యాక్సిస్ డీర్ అంటారు. రాష్ట్రం దానికి వేట సీజనంటూ పెట్టలేదు. చేతిలో లైసెన్సు, భూమి యజమాని ఒప్పుకోలు ఉంటే ఏడాది పొడుగునా వేటాడవచ్చు. అక్కడ కాపాడుకోవలసిన ప్రాణి, ఇక్కడ తగ్గించవలసిన ప్రాణి. రెండూ నిజమే.

సరే, తుపాకీ దగ్గరికి వద్దాం.

బోల్ట్ యాక్షన్ రైఫిల్ అన్న మాట వినగానే బెదిరిపోకండి. మన పాత ఇళ్ల తలుపులకు ఉండే ఇనప గడియను గుర్తుతెచ్చుకోండి. పిడి పైకి లేపుతాం. వెనక్కి లాగుతాం. మళ్లీ ముందుకు తోస్తాం. పిడి కిందికి వాలుస్తాం. గడియ పడుతుంది. బోల్ట్ యాక్షన్ పనిచేసేది ఇలాగే. పిడి పైకి లేపితే పట్టు వదులుతుంది. వెనక్కి లాగితే, పేలిన తూటా తాలూకు ఖాళీ తొడుగు పక్కనున్న కిటికీలోంచి బయటికి ఎగిరిపోతుంది. ముందుకు తోస్తే, కింద మ్యాగజీనులో ఉన్న కొత్త తూటా గొట్టంలోకి దూరుతుంది. పిడి వాలిస్తే గట్టిగా బిగుసుకుంటుంది. లేపు, లాగు, తొయ్యి, వాల్చు. ఈ నాలుగు కదలికలే.

ఈ గడియ ఏ వైపు ఉంటుంది? మామూలుగా కుడివైపు. జర్మనీలో మౌజర్ కంపెనీ 1898లో సైన్యం కోసం చేసిన రైఫిల్‌కు కుడివైపే పెట్టారు. ఆ తర్వాత వచ్చిన వేట రైఫిళ్లలో ఎక్కువభాగం దాని పోలికలోనే పుట్టాయి. సైన్యంలో అందరికీ ఒకే తుపాకీ, ఒకే డ్రిల్లు. ఎడమచేతివాడు కూడా కుడి భుజానికి ఆనించి నేర్చుకోవాల్సిందే. వేటగాడికి ఆ కట్టుబాటు లేదు. అయినా ఎడమవైపు గడియ ఉన్న రైఫిల్ మామూలు మనిషి కొనగలిగే ధరలో దొరకడానికి చాలాకాలం పట్టింది. సావేజ్ కంపెనీ 1958లో మోడల్ 110 తెచ్చింది. కొద్దికాలానికే దాన్ని ఎడమచేతివాళ్ల కోసం కూడా పెద్దఎత్తున తయారు చేసింది. ఈనాటి ఎడమచేతి వేటగాళ్లు ఆ కంపెనీ పేరు ఆదరంగా తలుచుకోవడం అందుకే.

ఇప్పుడు కన్ను.

మనకు రెండు కళ్లున్నా, గురి చూసేటప్పుడు మెదడు ఒక కన్ను మాటే ఎక్కువ వింటుంది. అదే మీ బలమైన కన్ను. చూపు స్పష్టంగా ఉందా, అద్దాల నంబరు ఎంత, అన్నది వేరే సంగతి. ఎక్కువ నంబరున్న కన్నే బలమైన కన్ను కావచ్చు కూడా. అది ఏదో తెలుసుకోవడం చాలా తేలిక. కారు నడుపుతున్నవాళ్లు ఇంటికి వెళ్లాక చేయండి. ఇంట్లో ఉన్నవాళ్లు ఇప్పుడే చేయండి.

రెండు చేతులూ ముందుకు చాపండి. అరచేతులు బయటికి, ఎదురుగా ఉన్న గోడ వైపు పెట్టండి. రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి మధ్యలో చిన్న సందు ఉంచండి. ఆ సందులోంచి ఎదురుగా గోడ గడియారమో, లైటు స్విచ్చో చూడండి. రెండు కళ్లూ తెరిచే ఉంచాలి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. గడియారం ఇంకా సందులో కనిపిస్తోందా? అయితే మీది కుడి కన్ను. మాయమైపోయిందా? అయితే మీది ఎడమ కన్ను. నమ్మకం కుదరకపోతే రెండు మూడుసార్లు చేయండి. పిల్లలకైతే ఇంకో పద్ధతి ఉంది. వాళ్లను ఆ సందులోంచి మీ ముక్కు చూడమనండి. మీకు సందులో వాళ్ల ఏ కన్ను కనబడితే అదే వాళ్ల బలమైన కన్ను.

చేతివాటం చూస్తే పదిమందిలో ఒకరు ఎడమచేతివాళ్లు. కన్ను దగ్గరికొస్తే లెక్క మారిపోతుంది. ఇంచుమించు ముగ్గురిలో ఒకరిది ఎడమ కన్ను. అంటే కుడిచేత్తో రాస్తూ, కుడిచేత్తో పని చేస్తూ, ఎడమ కన్నుతో గురి చూసేవాళ్లు మన మధ్య బోలెడుమంది ఉన్నారు. రేడియో కట్టేయొద్దని మొదట్లో అన్నది వాళ్ల కోసమే.

ఇక్కడ మన తెలుగు ఇళ్ల సంగతి ఒకటి చెప్పాలి. పుర్రచెయ్యి అని మన పెద్దవాళ్లు పిల్లల్ని ఎంత సతాయించారో మీకు తెలియంది కాదు. ఎడమచేత్తో అన్నం తింటే తప్పు. ఎడమచేత్తో డబ్బులిస్తే తప్పు. పలకమీద ఎడమచేత్తో రాస్తే వేళ్ల మీద దెబ్బ. అలా పెరిగినవాళ్లు ఈరోజు కుడిచేత్తో తింటారు, కుడిచేత్తో రాస్తారు. తాము ఎడమచేతివాళ్లమన్న సంగతే మరిచిపోయి ఉంటారు. తుపాకీల దుకాణంలో కౌంటరు వెనకాల మనిషి, రైటా లెఫ్టా అని అడుగుతాడు. వీళ్లు ఆలోచించకుండా రైటు అనేస్తారు.

తెలిసిన కుర్రాడొకడు ఇలాగే అడిగాడు. "అన్నా, నేను అన్నం తినేది కుడిచేత్తోనే, రాసేదీ కుడిచేత్తోనే. నాకు కుడి రైఫిలే కదా?"

"సుత్తి ఏ చేత్తో పట్టుకుంటావురా?" అన్నాను.

కాసేపు ఆలోచించాడు. "ఎడంచేత్తోనే."

"క్రికెట్‌లో బంతి ఏ చేత్తో విసురుతావు?"

"అదీ ఎడంచేత్తోనే అన్నా."

కన్ను పరీక్ష చేయించాను. ఎడమ కన్ను. వాళ్ల నాయనమ్మ చిన్నప్పుడు మార్చింది తినే చెయ్యిని, రాసే చెయ్యిని. గురిచూసే కన్నును ఎవరు మార్చగలరు? కాబట్టి మీ మేనల్లుడికో, మీ అమ్మాయికో రైఫిల్ చూసేటప్పుడు ఏ చేత్తో తింటావని అడగకండి. ముందు కన్ను చూడండి. కన్ను చెప్పిన భుజం.

మరి కన్ను ఒకవైపు, చెయ్యి ఒకవైపు అయితే? కొత్తగా నేర్చుకునేవాళ్లు కన్ను వైపు భుజంతోనే మొదలుపెట్టడం మంచిదని నేననుకుంటాను. మొదటి వారాల్లో చెయ్యి మొరాయిస్తుంది, తర్వాత దారికొస్తుంది. ఏళ్ల తరబడి కుడి భుజంతో కాల్చి అలవాటైనవాళ్లకు మాత్రం ఈ సలహా ఇవ్వను. స్కోప్, అంటే గురి చూసే దుర్బీను, ఉన్న రైఫిల్‌లో ఒక కన్ను మూసుకుని పని జరుపుకోవచ్చు. కుదిరిన చేతిని ఇప్పుడు కదిలించకండి.

ఇక గడియ. దీని మీద కాస్త నిదానంగా మాట్లాడుకుందాం. ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది ఇదే.

ఎడమ కన్ను మనిషి ఒకరు, కుడివైపు గడియ ఉన్న రైఫిల్ కొన్నారనుకోండి. దుకాణంలో అవే ఎక్కువ. అన్నయ్య దగ్గర ఒకటి ఉంది, అలాంటిదే తీసుకున్నారు. నవంబరు ఉదయం. తుపాకీ ఎడమ భుజానికి ఆని ఉంది. ఎడమచెయ్యి ట్రిగ్గర్ దగ్గర. కుడిచెయ్యి ముందు, గొట్టం కింద. ఎడమ చెంప తుపాకీ కర్రకు ఆని ఉంది. కన్ను స్కోప్‌లో ఉంది. కాల్చారు. జింక ఎగిరిపడింది, కానీ కూలలేదు. నాలుగడుగులు పరిగెత్తి, సీడర్ పొద పక్కన ఆగింది. ఇప్పుడు వెంటనే రెండో తూటా కావాలి.

గడియ ఎక్కడుంది? అటువైపు, కుడిపక్కన ఉంది. మీ ఎడమచెయ్యి ట్రిగ్గర్ వదిలి, స్కోప్ మీదుగా అటు పక్కకు వెళ్లాలి. స్కోప్ అడ్డమొస్తుంది. చెయ్యి పోవాలంటే తల పైకి లేవాలి. తల లేచిందంటే చెంప కర్ర మీదనుంచి వెళ్లిపోతుంది. స్కోప్‌లో బొమ్మ పోతుంది. జింక ఏ పొద వెనక్కి వెళ్లిందో కనిపించదు. గడియ తీసి వేసి, మళ్లీ చెంప ఆనించి, మళ్లీ స్కోప్‌లో వెతుక్కునేసరికి అక్కడ జింక ఉండదు.

అది తగలని తూటా అయితే బాధ లేదు. తగిలి, తగలవలసిన చోట తగలకపోతేనే బాధ. ముందుకాలి వెనక, గుండె, ఊపిరితిత్తులు ఉన్నచోట తగిలితే జింక త్వరగా పడిపోతుంది. కడుపులోనో తొడలోనో తగిలితే గంటల తరబడి నరకం అనుభవిస్తుంది. వేటగాడన్నవాడు ఆ ప్రాణికి ఒక బాకీ ఉంటాడని నా నమ్మకం. మొదటి తూటా తప్పితే రెండోది ఆలస్యం కాకూడదు. మొదటిది సరిగ్గా తగిలిందనిపించినా, తల ఎత్తకుండా వెంటనే గడియ తీసి వెయ్యాలి. జింక పడిపోయి కదలడం మానేదాకా కన్ను స్కోప్‌లోంచి తీయకూడదు. ఇది మంచి వేటగాళ్లు పాటించే నియమం. గడియ మీ ట్రిగ్గర్ చేతి వైపు ఉంటేనే ఈ నియమం పాటించడం సులువు. వేలు ట్రిగ్గర్ నుంచి వస్తుంది, చెయ్యి పిడిని అందుకుంటుంది. లేపు, లాగు, తొయ్యి, వాల్చు. చెంప కదలదు. కన్ను కదలదు.

భుజం చెప్పిన గడియ. ఎడమ భుజమైతే ఎడమవైపు గడియ.

ఇక్కడ ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. టెక్సస్‌లో చాలామంది బ్లైండ్‌లో, అంటే జింకలకు కనబడకుండా దాక్కునే చిన్న గదిలో కూర్చుని, కిటికీ అంచు మీదో ఇసకసంచీ మీదో తుపాకీ ఆనించి కాలుస్తారు. జింకలు మేతడబ్బా దగ్గరికొస్తాయి. దూరం చాలాసార్లు 100 గజాల లోపే. అలాంటిచోట ఎడమ భుజం మనిషి, ముందున్న కుడిచెయ్యి తీసి దాంతోనే గడియ వెయ్యొచ్చు. తుపాకీ బరువు ఇసకసంచీ మీద ఉంటుంది కదా. ఎందరో ఎడమచేతి వేటగాళ్లు అలాగే నెట్టుకొచ్చారు, చక్కగా వేటాడారు కూడా. మీ మామగారిచ్చిన పాత కుడి రైఫిల్ ఇంట్లో ఉంటే, బ్లైండ్‌లో వాడుకోండి, తప్పులేదు. కానీ నిలబడి, మోకాలి మీద కూర్చుని, చెట్టుకు ఆనుకుని కాల్చాల్సి వస్తే ముందు చెయ్యి తీయడంతోనే గొట్టం కిందికి వాలిపోతుంది. డబ్బు పెట్టి కొత్తది కొనేటప్పుడు ఆ ఇబ్బందిని కూడా కొనుక్కోవడం దేనికి?

గడియతో పాటు ఇంకొన్ని మారాలి. ఖాళీ తొడుగు ఎగిరిపోయే కిటికీ అన్నాను కదా, కుడి రైఫిల్‌కు అది కుడివైపు ఉంటుంది. ఎడమ భుజానికి ఆనించినవాళ్ల ముఖం ఉండేది కూడా కుడివైపే. ఎప్పుడో అరుదుగా తూటా తొడుగు చిట్లితే వేడి వాయువు ఆ కిటికీలోంచి ముఖం వైపు రావచ్చు. ఎడమ రైఫిల్‌లో కిటికీ ఎడమవైపు ఉంటుంది, ముఖానికి దూరంగా. రైఫిల్ ఏదైనా సరే, కళ్లద్దాలు, చెవులకు రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చకండి.

తర్వాత చెంప ఆనే చోటు. కొన్ని రైఫిళ్ల కర్రకు ఒకపక్క చిన్న దిమ్మెలా ఎత్తు ఉంటుంది. కుడి రైఫిల్‌కు అది ఎడమపక్క ఉంటుంది. ఎడమ భుజం మనిషి చెంపకు అది ఎందుకూ పనికిరాదు. గడియ ఎడమవైపు ఉన్నా, ఈ దిమ్మె ఏ పక్క ఉందో చూసుకోండి. రెండు వైపులా ఒకేలా ఉండే కర్ర అయితే చింతే లేదు.

సేఫ్టీ మీట కూడా అంతే. కొన్ని తుపాకీలకు అది గడియ పక్కన ఉంటుంది. కొన్నిటికి నడిమధ్యన, మెడ మీద, బొటనవేలికి అందేలా ఉంటుంది. సావేజ్ 110కి, బ్రౌనింగ్ ఎక్స్‌-బోల్ట్‌కి, రూగర్ అమెరికన్‌కి నడుమనే ఉంటుంది. అలాంటిది ఏ చేతికైనా కుదురుతుంది. ఎడమచేతివాళ్లకు నాకు నచ్చేది ఈ అమరికే.

మరి ఏది కొనాలి? సావేజ్, రూగర్ అమెరికన్, బ్రౌనింగ్ ఎక్స్‌-బోల్ట్, ఫిన్లండ్‌లో తయారయ్యే టిక్కా టీ3ఎక్స్, వీటన్నిటికీ ఎడమచేతి రూపాలు వచ్చాయి. ఒకటి గుర్తుపెట్టుకోండి. కుడి రైఫిల్ పదిరకాల కాలిబర్లలో దొరికితే, ఎడమది రెండు మూడింట్లోనే దొరకొచ్చు. కాబట్టి ముందే ఒక కాలిబర్ మీద మనసు పడేసుకోకండి. జింకకు సరిపడేవి చాలానే ఉన్నాయి. 1955లో వచ్చిన .243 విన్‌చెస్టర్ భుజానికి మెత్తగా తగులుతుంది. పిల్లలకు, సన్నగా ఉండేవాళ్లకు బాగుంటుంది. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ కూడా అలాంటిదే, దెబ్బ ఎక్కువ ఉండదు. 1952 నాటి .308 విన్‌చెస్టర్ తూటాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. 1925 నాటి .270 తరతరాలుగా జింకల వేటలో నమ్మకం సంపాదించుకుంది. హిల్ కంట్రీ జింకలు ఉత్తరాది రాష్ట్రాల జింకలంత పెద్దవి కావు. భుజం అదిరిపోయే మాగ్నమ్ తూటాలు వాటికి అక్కర్లేదు. కొత్తవాళ్లకు ఆ దెబ్బ భయం పట్టుకుంటే, ట్రిగ్గర్ నొక్కబోతూ కళ్లు మూసుకోవడం మొదలవుతుంది. గురి చెడేది అక్కడే.

ఇంకో సంగతి. .243, .308, 6.5 క్రీడ్‌మోర్ తూటాలు పొట్టివి. గడియ వెనక్కి లాగాల్సిన దూరం కూడా తక్కువ. .270, .30-06 పొడవు తూటాలు, వాటికి ఇంకాస్త ఎక్కువ లాగాలి. తేడా చిన్నదే. కానీ మొదటిసారి వేటకు వెళ్లేవాళ్లు కంగారులో గడియను సగమే లాగి ముందుకు తోసేస్తారు. తొడుగు బయటికి రాదు, కొత్త తూటా లోపలికి పోదు. అందుకని కొత్తవాళ్లకు పొట్టి తూటా రైఫిల్ చెబుతాను.

ఎడమ గడియ రైఫిల్ ఎంత వెతికినా దొరకకపోతే? ఏ వైపూ లేని తుపాకీలు ఉన్నాయి. నడుము దగ్గర మడిచి ఒక్క తూటా పెట్టేవి ఎడమకూ కుడికీ ఒకటే. కింద మీట ఊపి తూటా మార్చే లీవర్ రైఫిళ్లూ ఎడమచేతికి చక్కగా ఒదుగుతాయి. కాకపోతే పాత విన్‌చెస్టర్ 94లో ఖాళీ తొడుగు నేరుగా పైకి ఎగురుతుంది, దాని మీద మామూలుగా స్కోప్ బిగించడం కుదరదు. నాకైతే, సర్దుకుపోయి కుడి బోల్ట్ కొనడంకన్నా ఇలాంటిదాన్ని కొనడమే నయమనిపిస్తుంది.

దుకాణానికి వెళ్లినప్పుడు ఏం చేయాలో చెబుతాను. వేటలో వేసుకునే జాకెట్ వేసుకుని వెళ్లండి. బట్ట మందం మారితే భుజానికీ ట్రిగ్గర్‌కీ దూరం మారుతుంది. కౌంటరు మనిషిని అడిగి, గడియ తెరిపించి, గొట్టం ఖాళీగా ఉందని మీ కళ్లతో చూడండి. గొట్టం మనిషి వైపు తిప్పకండి. ఎటు తిప్పొచ్చో ఆయన్నే అడగండి. ఇప్పుడు కళ్లు మూసుకుని తుపాకీ భుజానికి ఆనించండి. చెంప సుఖంగా ఆనిన చోటే ఉంచి కళ్లు తెరవండి. స్కోప్‌లో పూర్తి గుండ్రని బొమ్మ కనిపిస్తే ఆ కర్ర మీకు సరిపోయింది. మెడ చాచి వెతుక్కోవాల్సి వస్తే సరిపోలేదు. తర్వాత గోడమీద ఒక గుర్తు చూసుకుంటూ గడియ మూడుసార్లు తీసి వెయ్యండి. గుర్తు స్కోప్‌లోంచి పూర్తిగా జారిపోకూడదు. చెంప లేవకూడదు. అడగకుండా ఖాళీ ట్రిగ్గర్ నొక్కకండి, చాలా దుకాణాల్లో అది మర్యాద కాదు.

కొన్నాక ఇంట్లోనూ ఇదే సాధన. తూటాలు వేరే గదిలో పెట్టి తాళం వెయ్యండి. గొట్టం ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూడండి. డమ్మీ తూటాలు దుకాణాల్లో దొరుకుతాయి. వాటితో రోజూ కాసేపు గడియ తీసి వెయ్యండి. మెల్లగా కాదు, గట్టిగా, పూర్తిగా వెనక్కి, పూర్తిగా ముందుకు. ఈ సాధన చేసినవాళ్ల చెయ్యి వేటరోజు తడబడదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 1971 సెప్టెంబరు 2న, లేదా ఆ తర్వాత పుట్టినవాళ్లు టెక్సస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి. పిల్లలకు 9 ఏళ్లు నిండితే ఆ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. మనవాళ్లలో హెచ్-1బి మీద, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఎక్కువ కాబట్టి ఇది శ్రద్ధగా వినండి. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు వాటిలో ఒకటి. అంటే ముందు లైసెన్సు, తర్వాతే తుపాకీ. స్నేహితుడి తుపాకీ రేంజ్‌లో ఒకసారి పట్టుకుని చూద్దామన్నా అంతే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. మీ పరిస్థితిలో ఏమాత్రం అనుమానమున్నా కొనేముందు లాయరును అడగండి.

టెక్సస్‌లో జింకల సాధారణ సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ఎడమ రైఫిళ్లు చాలా దుకాణాల్లో షెల్ఫ్ మీద ఉండవు, ఆర్డర్ పెట్టించాలి. అక్టోబరులో మేల్కొంటే దొరికినదాంతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. వేసవిలోనే కన్ను పరీక్ష చేసుకోండి. వేసవిలోనే ఆర్డర్ పెట్టండి. స్కోప్ బిగించి, రేంజ్‌లో 100 గజాల దగ్గర గురి సరిచేసుకోవడానికి కూడా రోజులు మిగలాలి కదా. దుకాణం నుంచి ఫోనొస్తే వెళ్లండి. పెట్టె తెరిపించండి. ఫారం మీద సంతకం పెట్టకముందే ఆ పిడి ఏ వైపు ఉందో చూసుకోండి. ఆర్డర్లు తారుమారై కుడివి రావడం అరుదేమీ కాదు. మీ భుజం వైపు ఉంటేనే సంతకం పెట్టండి. లేకపోతే వెనక్కి పంపించి, మళ్లీ తెప్పించమనండి.